గెడ్డలు బతికితేనే గోస్తని

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులుగా అనంతగిరి కొండలు మబ్బులోంచి బయటికి రాలేదు. కింద తాటిపూడి జలాశయం గట్టు మీద గొడుగులు పట్టుకున్న వాళ్లు, గోనెపట్టాలు కప్పుకున్న రైతులు, ఇంజను ఆపకుండా నిలబెట్టిన మోటారు సైకిళ్లు. నీటిమట్టం 297 అడుగులకు చేరువైతే తర్వాత ఏం జరుగుతుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. దిగువ ఊళ్లకు కబురు పోతుంది. దండోరా పడుతుంది. ఏటి ఒడ్డున మేస్తున్న గొడ్లను తోలుకొస్తారు. పొలాల్లో బిగించిన మోటార్లు విప్పి మెరకకు మోసుకొస్తారు. గేట్లు లేచాక ఎర్రటి నీరు జామి దాటి, పాండ్రంగి దాటి, తగరపువలస దగ్గర జాతీయ రహదారి వంతెన కింద సుడులు తిరిగి, భీమిలి దగ్గర సముద్రాన్ని కనుచూపు మేర రంగు మార్చేస్తుంది.

వర్షాలు గట్టిగా పడిన ఏడాదిలో గోస్తని ఇలా కనిపిస్తుంది.

అదే ఏటికి ఏప్రిల్ నెలాఖరున వెళ్తే మరో దృశ్యం. ఇసుకలో మోకాలి లోతు గొయ్యి. దాని పక్కన బిందె, చేతిలో చిన్న గిన్నె. చెలమలో నీరు ఊరేదాకా కూర్చోవాలి. ఊరిన కాసిన్ని నీళ్లు తోడి బిందెలో పోసి మళ్లీ కూర్చోవాలి. పిల్లలు నది మధ్యలో బంతాట ఆడుకుంటూ ఉంటారు.

ఆరు నెలల తేడాలో ఒకే చోట కనిపించే ఈ రెండు రూపాల మధ్యే గోస్తని కథంతా ఉంది. ఇప్పుడు ఆ కథ మాట్లాడుకోక తప్పని సందర్భం వచ్చింది. నది పుట్టే అనంతగిరి మండలంలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలకు వ్యతిరేకంగా ఆదివాసీ గ్రామాలు రోడ్డెక్కాయి. నది సముద్రంలో కలిసే భీమిలి చుట్టుపక్కల, అటు భోగాపురం విమానాశ్రయం వైపు, కొత్త లేఅవుట్లు, కొత్త కాలనీలు లేస్తున్నాయి. పైనున్న వాళ్లు మా గెడ్డల (కొండవాగుల) సంగతేమిటని అడుగుతున్నారు. కిందున్న వాళ్లు మా కొళాయి సంగతేమిటని అడుగుతున్నారు. రెండూ ఒకే నీటి గురించిన ప్రశ్నలు.

మూడు జిల్లాల ఏరు

గోస్తని పొడవు సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి ముందు ఇది లెక్కకు వచ్చే నది కాదు. మహానదికీ గోదావరికీ నడుమ తూర్పు కనుమల్లో పుట్టి నేరుగా బంగాళాఖాతంలో కలిసే నదుల వరసలో వంశధార, నాగావళి, చంపావతి తర్వాత గోస్తని వస్తుంది. ఆ తర్వాత శారద, వరాహ, తాండవ. (తణుకు మీదుగా పారే గోస్తని వేరు. పేరు ఒకటే గానీ దీనికీ దానికీ చుట్టరికం లేదు.)

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పుట్టి, విజయనగరం జిల్లాలో జలాశయమై ఆగి, విశాఖపట్నం జిల్లాలో కడలి చేరుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక ఇంత చిన్న ఏరు కూడా మూడు జిల్లాల ఫైళ్లలోకి వెళ్లింది. ఇందులో ఒక విశేషం ఉంది. నది పుట్టే జిల్లాకు అల్లూరి పేరు పెట్టారు. ఆయన 1897 జులై 4న పుట్టిన పాండ్రంగి ఊరు ఇదే నది ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉంది. ఏ కొండల మీది ఆదివాసుల కోసం ఆయన పోరాడాడో ఆ తూర్పు కనుమల నీళ్లే ఆయన పుట్టిన ఊరి పక్కనుంచి పారుతున్నాయి.

కొండ నీళ్లు దాచుకునే తీరు

హిమాలయ నదులకు మంచు ఉంది. గోస్తనికి వాన తప్ప మరో ఆధారం లేదు. ఈ పరీవాహక ప్రాంతంలో ఏడాదికి సగటున 110 సెంటీమీటర్ల వర్షం పడుతుంది. అందులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాలదే. అక్టోబరు, నవంబరు తుపాన్లు మిగతాది తెస్తాయి. అంటే ఏడాది నీళ్లన్నీ ఐదారు నెలల్లో, అందులోనూ కొన్ని రోజుల్లోనే కురుస్తాయి. మరి జనవరిలో కూడా కొండ మీది గెడ్డల్లో నీరెలా పారుతోంది?

జవాబు రాయిలో ఉంది. ఈ కొండల్లో ప్రధానంగా ఉన్నది ఖోండలైట్ శిల. తూర్పు కనుమల్లోని ఖోండు ఆదివాసుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి ఇది. ఎండకూ వానకూ సులువుగా చివుకుతుంది. అందుకే చాలా చోట్ల కొండ పైపొర మీటర్ల మందాన మెత్తబడి ఎర్రమట్టిగా, గుల్లరాయిగా మారింది. వాన నీరు ఆ పొరలోకి ఇంకుతుంది. దాని కింద గట్టి రాయి తగిలితే పగుళ్ల వెంట పక్కకు జరిగి, ఎక్కడో వాలు తెగిన చోట ఊటగా బయటపడుతుంది. కొత్త కుండ చెమర్చినట్టు కొండ నెలల తరబడి తన ఒంటి నుంచి నీటిని కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ ఊటలు గెడ్డలవుతాయి. గెడ్డలు కలిసి గోస్తని అవుతుంది.

అడవి ఇక్కడ చేసే పని ఏమిటో చెప్పాలి. చెట్లు వానను పిలుస్తాయన్న మాట అటుంచితే, పడిన వానను నిదానింపజేయడం వాటి అసలు పని. ఆకుల దుబ్బు చినుకు వేగాన్ని తగ్గిస్తుంది. వేళ్లు మట్టిలో దారులు తీస్తాయి. బోడి వాలు మీద పడిన నీరు మట్టిని కోసుకుంటూ గంటల్లో తాటిపూడి చేరితే, చెట్టు నీడలో పడిన నీరు వారాలూ నెలలూ తీసుకుని చేరుతుంది. అనంతగిరి, అరకు కొండల మీద నీడచెట్ల కింద కాఫీ వేసిన తోటలు ఈ విషయంలో మంచి చేశాయి. నేల ఎప్పుడూ కప్పి ఉంటుంది, ఏటా దున్నే అవసరం ఉండదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఈ కొండల మీద లెక్కకు మించి చెట్లను కూల్చింది. ఆనాడు నగరంలో కూలిన చెట్ల గురించి అందరూ రాశారు. కొండ మీద కూలిన నీడచెట్లు నగరం తాగే నీటికి కాపలాదార్లని రాసినవారు తక్కువ.

నీరు తొలిచిన గుహ

గోస్తని పేరు చెప్పగానే పర్యాటకుడికి గుర్తొచ్చేది బొర్రా గుహలు. స్థానిక గాథ ప్రకారం ఒక ఆవు మేస్తూ మేస్తూ గుహ పైకప్పు కన్నంలోంచి లోపలికి పడిపోయింది. దాన్ని వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి లోపల శివలింగం ఆకారంలో రాయి కనబడింది. ఆవు పొదుగులాంటి రాతి నుంచి కారే నీరే నది అయిందని నమ్మిక. నేటికీ శివరాత్రికి చుట్టుపక్కల గిరిజన గ్రామాలన్నీ అక్కడికి కదిలొస్తాయి.

శాస్త్రం చెప్పే కథ నెమ్మదైనది. ఖోండలైట్ల మధ్య ఇక్కడ సున్నపురాయి పట్టీలున్నాయి. వాన నీరు మట్టిలోంచి ఇంకేటప్పుడు అక్కడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణం తెచ్చుకుంటుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్లలో పారుతూ రాయిని కరిగిస్తుంది. పగులు సందు అవుతుంది, సందు గది అవుతుంది. అలా కరిగిన సున్నాన్ని మోసుకొచ్చిన చుక్క గుహ కప్పున వేలాడి, అందులోని వాయువు బయటికి పోగానే సున్నాన్ని అక్కడే వదిలేసి రాలుతుంది. వదిలిన చోట పైనుంచి ఊడ దిగుతుంది, రాలిన చోట కిందినుంచి స్తంభం లేస్తుంది. లక్షల ఏళ్లు ఇదే పని. ఈ పనిలో నీటికి సూక్ష్మజీవులు కూడా సాయం పడతాయని బొర్రా గోడల మీది నారింజ రంగు జిగురు పొరలను పరిశీలించిన శాస్త్రవేత్తలు తేల్చారు.

గుహల దిగువన లోతులో గోస్తని పారుతుంది. పైన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వెళుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన మార్గమది. 58 సొరంగాలు దాటుకుంటూ ఖనిజం రైలు పైనుంచి పోతుంటే, కింద నది తను తొలిచిన దారిలో పోతుంటుంది. సున్నపురాయి కొండలో నీటికి ఒక ప్రమాదం కూడా ఉంది. మట్టి పొరలో వడకట్టుకునే తీరిక లేకుండా పగుళ్ల వెంట నేరుగా లోపలికి దిగిపోతుంది. పైన పారేసిన చెత్త, మురుగు తేలిగ్గా నదికి చేరతాయి. ఏటా లక్షల మంది వచ్చే చోట ఈ మాట బోర్డు మీద పెద్దక్షరాలతో ఉండాలి.

> బొర్రా సంగతులు
>
> ● గుహలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. లోపల సుమారు 80 మీటర్ల లోతుకు దిగవచ్చు.
>
> ● 1807లో భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ వీటిని కనుగొన్నారని పర్యాటక ప్రచారంలో చెబుతారు. ఆ సంస్థ ఏర్పడిందే 1851లో. తేదీ ఏదైనా, చుట్టుపక్కల గిరిజనులకు ఆ గుహ అంతకు ముందే తెలుసు.
>
> ● గుహల్లో మధ్య పాతరాతి యుగం నాటి రాతి పనిముట్లు దొరికాయి. నీటికి దగ్గరగా, ఎండావానా తగలని ఈ చోటును మనిషి వేల ఏళ్ల కిందటే ఎంచుకున్నాడు.
>
> ● గుహలకు దగ్గర్లోని కటికి జలపాతం గోస్తనిదే.

ఇరవై కిలోమీటర్లలో ఆరు వందల మీటర్లు

బొర్రా దగ్గర 700 మీటర్ల ఎత్తున్న నేల, తాటిపూడి దగ్గర 90 మీటర్లకు వచ్చేస్తుంది. ఈ రెండు చోట్ల మధ్య పటం మీద సూటిగా గీత గీస్తే ఇరవై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే ఇరవై కిలోమీటర్లలో ఆరు వందల మీటర్లు దిగింది. తాటిపూడి నుంచి భీమిలి తీరానికి సూటిగా కొలిస్తే నలభై కిలోమీటర్లు. ఆ నలభైలో దిగాల్సింది మిగిలిన 90 మీటర్లే.

గోస్తని స్వభావానికి మూలం ఈ అంకెలే. పైన నిటారు వాలు కాబట్టి పెద్ద వాన పడితే నీరు ఆగదు, రాళ్లూ మట్టీ ఊడ్చుకుంటూ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. కొండ దిగగానే వాలు పడిపోతుంది కాబట్టి మోసుకొచ్చిన ఇసుకను అక్కడక్కడ దింపేస్తూ, మెలికలు తిరుగుతూ, ఒడ్లు మార్చుకుంటూ పోతుంది. పెద్ద నదిలో వరద రోజుల తరబడి నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. ఇక్కడ పొద్దున నడిచి దాటిన కాలిబాటను మధ్యాహ్నం దాటలేకపోవచ్చు. కొండల్లో వారపు సంతకు వెళ్లినవాళ్లు గెడ్డ తగ్గేదాకా అవతలి ఒడ్డున ఎదురుచూడటం వానాకాలంలో మామూలు. ప్రసవ వేదనలో ఉన్న ఆడబిడ్డను డోలీ కట్టి గెడ్డ దాటించిన వార్తలు మన్యం నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. ఆ మనుషులకు నీటి ఉధృతి అంటే ఆ రోజు ఆసుపత్రి చేరతామా లేదా అన్నదే.

తాటిపూడి లెక్క

కొండ నీటిని ఒక్కచోట పట్టి ఉంచాలన్న ఆలోచనతో 1963లో మొదలై 1968లో పూర్తయిన జలాశయం తాటిపూడి. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో, కొండలు ముగిసి మైదానం మొదలయ్యే చోట ఉంది. దాని కింద 15 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. విశాఖపట్నం నగరానికి తాగునీరు కూడా అక్కడినుంచే. నగరం పెరిగేకొద్దీ మేహాద్రిగెడ్డ, రైవాడ, ఏలేరు తోడయ్యాయి గానీ, తాటిపూడి మీద ఆధారం తప్పలేదు. విజయనగరం పట్టణానికి కూడా ముషిడిపల్లి దగ్గర గోస్తని ఇసుకలోంచి తీసిన నీరే వెళ్తోంది.

ఒకే చెరువు నీటికి పొలమూ కొళాయీ పోటీ పడితే మార్చి తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. నగరంలో మంచినీటి ఎద్దడి మొదలైతే అధికారుల చూపు మొదట తాటిపూడి మట్టం మీదే పడుతుంది. ఆయకట్టు చివరి పొలం రైతు మదుము దగ్గర నిలబడి అదే మట్టం గురించి అడుగుతాడు. అతనూ తప్పు కాదు, నగరవాసీ తప్పు కాదు. రోజూ కొలిచేది జలాశయంలో నిలిచిన నీటిని. ఆ నీటిని తయారు చేసే గెడ్డల లెక్క మాత్రం వార్తల్లోకీ చర్చల్లోకీ రాదు. బ్యాంకులో ఎంత నిల్వుందో చూసుకుంటూ జీతం వస్తోందో లేదో పట్టించుకోని ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

జలాశయానికి మరో బెంగ పూడిక. పైన వాలు బోడిబారితే వానతో పాటు మట్టి వస్తుంది. వచ్చిన మట్టి నీరు నిలవాల్సిన చోటును ఆక్రమిస్తుంది. గట్టు ఎత్తు మారదు, 297 అడుగుల గుర్తూ మారదు, దాని వెనక పట్టే నీరు మాత్రం ఏటేటా తగ్గుతుంది. కొండ మీద చెట్టు కొట్టిన వాడికీ మైదానంలో పంట ఎండిన వాడికీ ఒకరి మొహం ఒకరికి తెలియకపోవచ్చు. వాళ్ల మధ్య ఈ మట్టి ఉంది.

> వాన లెక్క
>
> ● ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్ల నీరు.
>
> ● అదే నేల మీద ఏడాదికి 110 సెంటీమీటర్లు పడితే 110 కోట్ల లీటర్లు. ఇందులో కొంత ఆవిరవుతుంది, కొంత చెట్లు తాగుతాయి, కొంత ఇంకుతుంది, మిగిలింది గెడ్డ చేరుతుంది.
>
> ● ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు.

ఇసుక కింద నడిచే నీరు

తాటిపూడి దాటాక గోస్తని వేసవిలో ఎండినట్టు కనిపిస్తుంది. పైకి కనిపించకపోయినా ఇసుక పొరలో నీరు మెల్లగా కదులుతూనే ఉంటుంది. వంద లీటర్ల పరిమాణం ఉన్న ఇసుకలో ముప్పై లీటర్లకు పైగా నీరు పట్టే ఖాళీ ఉంటుంది. ఆ ఇసుక మందం, వెడల్పు, పొడవు గుణించి చూస్తే నది తన పడకలోనే ఒక జలాశయాన్ని దాచుకుందని అర్థమవుతుంది. దీనికి ఆవిరి నష్టం తక్కువ. నీటికి నీరు, వడపోతకు వడపోత. ఏటిలో దించిన ఊటబావుల మీద ఎన్నో ఊళ్ల మంచినీటి పథకాలు నడుస్తున్నాయి. చెలమ దగ్గర గిన్నెతో కూర్చున్న మనిషి, పంపుహౌసులో మోటారు వేసే ఉద్యోగి తోడుతున్నది ఒకే నిల్వ.

అందుకే ఇసుక తవ్వకం ఇక్కడ నేరుగా నీటి సమస్య. నది పడక ఒక మీటరు లోతుకు దిగితే, పక్కపొలాల భూగర్భ జలం కూడా ఆ మేరకు నదిలోకి దిగజారుతుంది. ముందు ఒడ్డున బావులు ఎండుతాయి, తర్వాత బోర్లు లోతు పెంచాలి, ఆ తర్వాత ఊటబావి గాలిలో నిలబడుతుంది, చుట్టూ ఇసుక ఉండదు. జామి, పద్మనాభం మండలాల్లో గోస్తని ఇసుక మీద గొడవలు కొత్తవి కావు. ఇసుక తవ్వకాన్ని నియంత్రించే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. రాత్రి ట్రాక్టర్ల సంఖ్య చూస్తే ఆ చట్టం ఏటి ఒడ్డుకు ఇంకా పూర్తిగా చేరలేదనే అనాలి.

పద్మనాభం కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయంలో కార్తీక అమావాస్యకు మెట్లన్నీ దీపాలతో నిండుతాయి. ఆ వేళకు వానలు వెనక్కి తగ్గి ఏటిలో నీరు తేటపడి ఉంటుంది. ఈ ఒడ్డు ఊళ్లకు పండగ, పంట, ఏరు కలిసే వచ్చే కాలమది.

భీమిలి మొగ

తగరపువలస, చిట్టివలస దాటి నది సముద్రం వాసన పట్టే చోటికి వస్తుంది. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడే దాకా ఈ ఒడ్డున వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. అంతకు చాలా ముందు, పదిహేడో శతాబ్దంలో డచ్చివారు నది మొగ పక్కన గోదాములు కట్టి వ్యాపారం చేశారు. వారి సమాధులు భీమిలిలో ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటి.

మొగ దగ్గర మంచినీరు, ఉప్పునీరు రోజూ తోపులాడుకుంటాయి. వరద ఉన్నప్పుడు నది గెలిచి ఇసుకమేటను కోసి సముద్రంలోకి దూసుకెళ్తుంది. వేసవిలో నది బలం తగ్గగానే అలలు దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్లే ఇసుక మొగకు అడ్డం పడుతుంది. ఉప్పునీరు లోపలికి పాకుతుంది. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు, చేప పిల్లలు ఎన్నో పెరగడానికి ఇలాంటి చప్పనీటి, ఉప్పునీటి కలయిక చోటుకే వస్తాయి. పైనుంచి నీరు రాకపోతే ఆ కలయిక చెడుతుంది. వలకు పడే చేప తగ్గితే భీమిలి గంగపుత్రులకు అందుకు కారణం బొర్రా కొండ మీద వెతకాలని అనిపించకపోవచ్చు. వెతకాల్సిందే. నీరు తగ్గడం ఒక్కటే కాదు, తీరానికి రావాల్సిన ఇసుక కూడా సగం దారిలో జలాశయంలో, ట్రాక్టర్లలో ఆగిపోతోంది. సముద్రం తీరాన్ని కోసినప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

మొగకు దక్షిణాన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. తూర్పు కనుమల ఖోండలైట్లు చివికి, నీటి వెంట, గాలి వెంట వేల ఏళ్లు ప్రయాణించి తీరాన పేరుకున్న మట్టి అది. భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అలాంటి చోట కూడా 2024లో యంత్రాలతో తవ్వకాలు జరిగి పెద్ద దుమారం లేచింది. కొండ పైపొరకూ తీరానికీ ఎంత దగ్గరి సంబంధమో కంటితో చూడాలంటే ఆ దిబ్బల మీద నిలబడితే చాలు.

సమత తీర్పు పుట్టిన చోటు

దేశంలో ఐదో షెడ్యూలు ప్రాంతాల భూముల గురించి ఎవరు మాట్లాడినా సమత తీర్పు ప్రస్తావన వస్తుంది. ఆ తీర్పుకు కారణమైన భూములు గోస్తని పుట్టిల్లైన బొర్రా ప్రాంతానివే. బొర్రా రిజర్వు అడవి, చుట్టూ ఉన్న 14 గ్రామాలు. అక్కడ కాల్సైటు, అభ్రకం వంటి ఖనిజాల తవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటు వ్యక్తులకు, సంస్థలకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ గిరిజనుల పక్షాన కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదన్న 1959 నాటి ఒకటో నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రభుత్వ భూమైనా సరే ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది.

ఆ తీర్పును భూమి హక్కు తీర్పుగానే చదువుతాం. నీటి కోణంలోంచి చూసినా అది అంతే పెద్దది. సున్నపురాయి పట్టీని పేల్చి తవ్వితే ఊటల దారి మారిపోతుంది. ఒకసారి దారి మారిన ఊటను తిరిగి తెచ్చే ఇంజనీరు లేడు. కొండదొర, నూకదొర, గదబ వంటి తెగల గూడేలు చాలావరకు ఊటనే నమ్ముకుని వెలిశాయి. కొండ మీది ఊటకు తొట్టి కట్టి పైపు వేసి ఊళ్లోకి నీరు దింపే గ్రావిటీ పథకాలకు కరెంటు అక్కర్లేదు, బోరు అక్కర్లేదు. ఊట ఒక్కటి ఉంటే చాలు. మడిచెక్కల్లో వరి, మెరకన చోళ్లు, సామలు, రాజ్‌మా పండేదీ దాని మీదే. బొర్రా ఆదివాసులు 1990లలో పోరాడి భూమితో పాటు ఈ నీటిని కూడా కాపాడారు. తాటిపూడి ఆయకట్టు రైతు, విశాఖ నగరవాసి ఆ పోరాటానికి రుణపడి ఉన్నారు.

పైకి తోడి కిందికి వదిలే కరెంటు

పంప్డ్ స్టోరేజీ సూత్రం తేలికైనది. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు, మధ్యలో సొరంగం. పగలు సౌర విద్యుత్తు మిగిలినప్పుడు నీటిని పైకి తోడతారు. సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఎండ, గాలి కరెంటును నిల్వ చేసుకోవడానికి దేశానికి ఇలాంటి ఏర్పాటు అవసరమే. ఆ అవసరాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. నీరు ఖర్చు కాదు, తిరిగి తిరిగి వాడతామని ప్రతిపాదకులు చెప్పేది కూడా సూత్రప్రాయంగా నిజం.

అయితే మొదటిసారి ఆ చెరువులు నింపడానికి నీరు ఏ గెడ్డ నుంచి, ఏ నెలలో తీస్తారు? ఏటా ఆవిరయ్యే నీటిని దేనితో పూరిస్తారు? పగుళ్ల నిండా నీరు దాచుకున్న కొండలో సొరంగం తవ్వితే ఆ నీరు సొరంగంలోకి దిగి పైనున్న ఊటలు ఎండవని ఎవరు పరీక్షించారు? మునిగే మడిచెక్కల లెక్క సరే, ఎండే ఊటల లెక్కేది? అనంతగిరి కొండల్లో ఒక వాలు నీళ్లు గోస్తనికి పోతే మరో వాలు నీళ్లు శారదకు పోతాయి. ప్రాజెక్టు ఏ వాలున వచ్చినా ఈ ప్రశ్నలు మారవు. గ్రామసభను అడగాలని 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతున్నాయి. వివరం తెలియని వాళ్ల చేత వేలిముద్ర వేయిస్తే దాన్ని అనుమతి అనలేం.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గెడ్డకు అడ్డంగా కొలత పలక పెట్టి వారానికోసారి నీటి మట్టం రాసే పని ఊళ్లో చదువుకున్న కుర్రాడికి అప్పగించవచ్చు. రెండు మూడేళ్ల అంకెలు పోగైతే ఏ ఊట నిలకడైనదో, ఏది ఫిబ్రవరికే ఆగిపోతుందో తెలుస్తుంది. హిమాలయ ఊటల పునరుద్ధరణ మీద నీతి ఆయోగ్ 2018లో ప్రత్యేకంగా నివేదిక తెచ్చింది. అంత శ్రద్ధ తూర్పు కనుమల ఊటల మీద ఇంకా పెట్టలేదు. తాటిపూడి మట్టాన్ని ఎలా రోజూ చూస్తామో, అనంతగిరి గెడ్డల మట్టాన్ని కూడా అలాగే చూడాలి. అప్పటిదాకా ఈ కొండల్లో ఏ ప్రాజెక్టుకూ తుది అనుమతి ఇవ్వకూడదు.

గ్రామసభ ముందు పెట్టే ప్రతి ప్రాజెక్టు నివేదికలోనూ ఒక పేజీ ఉండాలి. ఏ గెడ్డలో ఏ నెల ఎంత నీరు పారుతోంది, ప్రాజెక్టు కట్టాక ఎంత పారుతుంది అన్న వివరం అందులో తెలుగులో, కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరికైనా అర్థమయ్యేలా ఉండాలి. ఆ పేజీ అడిగే బాధ్యతను అనంతగిరి ఆదివాసుల మీదే వదిలేయకండి. విశాఖ, విజయనగరం, భీమిలి పౌర సంఘాలు, తాటిపూడి ఆయకట్టు రైతులు కూడా రాతపూర్వకంగా అడగండి. మీరు తాగుతున్నది ఆ గెడ్డల నీరే.